కరీముల్లా బండి మారిందన్నాడు

కొండల్లో బతికినవాళ్లు కృష్ణా డెల్టాలో అడుగుపెడితే మొదట తోచేది, ఇక్కడ బ్రేకుతో ఎవరికీ పెద్దగా పని లేదని. రోడ్డు ఎక్కదు, దిగదు. పక్కనే కాలువ, కాలువ పక్కన పొలం, అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. మా పాడేరు కొండల్లో పాలు తేవడానికి వెళ్లినా ఒక మలుపు ఎక్కి ఇంకో మలుపు దిగాలి. అక్కడి ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు మేనేజరుగా చేసి రిటైరయ్యాను. ఈ ప్రయాణం ఆసుపత్రి చెప్పిన ఆఖరి పని మీద చేసింది.

మాకో పాత లారీ ఉంది. ఎప్పుడో విదేశీ దాతలు పంపితే దాని మీద కంటి పరీక్షల గది కట్టించాం. క్లచ్ ఉండదు, గేర్లు అదే మార్చుకుంటుంది. అయిదేళ్లుగా షెడ్డులో పడి ఉన్న ఆ బండిని అవనిగడ్డలో మాకు తెలిసిన ఒక దవాఖానాకి ఇచ్చేయాలనీ, దారిలో బెజవాడ ఆటోనగర్‌లో దాని గేర్ బాక్సు బాగు చేయించాలనీ నిర్ణయించారు. కాగితాలు నాకు తెలుసు కనుక నన్ను తోడు వెళ్లమన్నారు.

అయిదేళ్లు ఎందుకు పడి ఉందో కూడా ఇక్కడే చెప్పాలి. ఇంకా పై ఊళ్లో క్యాంపు నుంచి వస్తూ ఘాట్ దిగుతుండగా బ్రేకులు కాలిపోయి పిట్టగోడను గుద్దింది. మా నర్సు పార్వతికి కాలు విరిగింది. ఆమె ఇప్పటికీ కుంటుతుంది. బండి నడిపింది కరీముల్లా, అప్పటికి పంతొమ్మిదేళ్లుగా మా డ్రైవరు. రెండో గేరులోనే దించాననీ, మీటరు ఇరవై అయిదు దాటలేదనీ, అయినా బండి పట్టు నిలవలేదనీ చెప్పాడు. వెనక వచ్చిన బస్సు డ్రైవరు మాత్రం ముప్పై అయిదుకి తక్కువ లేదన్నాడు. గుద్దాక చూసినవాళ్లకి లీవరు ఏ గేరూ పడని న్యూట్రల్‌లో కనబడింది. ఇంజను ఆపడానికి తర్వాత నేనే పెట్టానన్నాడు కరీముల్లా. డీజిల్ మిగల్చాలని కొండ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టే డ్రైవర్లు మా వైపు కొల్లలు. విచారణకి ముగ్గురం కూర్చున్నాం. న్యూట్రల్‌లో దించాడని తేల్చాం. ఆ కాగితం రాసింది నేను. అతన్ని పనిలోంచి తీసేశారు, సొంత ఊరు నాగాయలంక వెళ్లిపోయాడు.

అవనిగడ్డ నుంచి నాగాయలంక ఎంతో దూరం లేదని బయల్దేరేటప్పుడే తెలుసు. వెళ్లకూడదనే అనుకున్నాను.

తుని దాటాక

బండి నడిపింది సింహాచలం, మా ఆసుపత్రి కొత్త డ్రైవరు. నలభై దాటినవాడు, మాట పొదుపు. అయినా ఈ బండి మొదటి గేర్లలో అరుస్తూ ఉండిపోతుందనీ, వేగం బాగా అందుకున్నాక గానీ పై గేరు పడదనీ, పడినప్పుడు వెనక ఎవరో తన్నినట్టు ఉంటుందనీ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఘాట్ మాత్రం మొదటి గేరులోనే, మనిషి నడకతో దించాడు. నేను నడుం పట్టుకుని కూర్చున్నాను.

తుని దాటాక ఒక చోట పోలీసులు ఆపారు. వాళ్ల యంత్రంలో మా వేగం అరవై ఆరు పడింది. అక్కడి బోర్డు మీద యాభై అని ఉంది. జరిమానా చీటీ చేతికిచ్చారు. సింహాచలం మొహం చిన్నబోయింది.

"నానేటి సేసేది మేడమ్ గారూ. మీటరు నలభై ఎనిమిదే సూపించింది" అన్నాడు.

మీ డ్రైవర్లందరి మాటా ఒకటేనయ్యా, తప్పు ఎప్పుడూ మీటరుదే అన్నాను. దారిలో టీ తాగిద్దామన్నా వద్దన్నాడు. నాకు నోటి దురుసు ఉందని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. అది మంచి పాలనకి అవసరమని చాలాకాలం నమ్మాను.

ఆటోనగర్

బెజవాడ ఆటోనగర్ చూడనివాళ్లకి దాన్ని చెప్పడం కష్టం. ఒక ఊరంత జాగాలో లారీలు తప్ప ఇంకేమీ ఉండవు. ఒక వీధి అంతా బండి బరువు మోసే కమాన్ కట్టలు, ఒక వీధి అంతా రేడియేటర్లు, ఇంకో వీధిలో బాడీలు కట్టేవాళ్లు. నేల నూనె పట్టి నల్లగా ఉంటుంది, చెప్పు జారుతుంది. నేను మొదటి రోజే ఒకసారి జారి కూర్చున్నాను. లేపిన కుర్రవాళ్లు, వయసుమళ్లినవాళ్లు అందరూ "చూసుకోవాలండీ" అన్నారు. ఇక్కడ ఇనప బోల్టు అడిగినా అండీ, ఇచ్చినా అండీ. మా కొండల్లో అమ్మా అంటే చాలు, గౌరవం ఇచ్చేసినట్టే.

మేం వెతుక్కుంటూ వెళ్లింది సాంబశివరావు గారి షెడ్డుకి. డెబ్భై ఏళ్ల మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పనుల్లో బుల్డోజర్లు, డంపర్లు బాగు చేశారట. క్లచ్ లేని గేర్ బాక్సులు అక్కడే నేర్చుకున్నానన్నారు. ముందు మాకు భోజనం చేయించమని పక్క మెస్సుకి కబురు పెట్టారు. తొంభై రూపాయలకి ముద్దపప్పు, గోంగూర, దొండకాయ వేపుడు, గడ్డ పెరుగు. వద్దంటే వడ్డించే మనిషి నొచ్చుకుంటాడు. కారం మాత్రం మాకు అలవాటు లేనిది, కళ్లు తుడుచుకుంటూ తిన్నాను.

తిన్నాక ఆయన గేర్ బాక్సు విప్పుతారనుకున్నాను. విప్పలేదు. బండి ఎక్కి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సింహాచలంతో కంకిపాడు రోడ్డు మీదికి పోనిమ్మన్నారు. ఒక కిలోమీటరు రాయి రాగానే చేతి గడియారం చూశారు. మీటరును నలభై మీదే ఉంచమన్నారు. తర్వాతి రాయి దగ్గర మళ్లీ చూశారు.

అరవై అయిదు సెకన్లు. నిజంగా నలభైలో వెళితే తొంభై పట్టాలన్నారు. అంటే మేం వెళుతోంది యాభై అయిదులో. సింహాచలం నావైపు చూడలేదు, రోడ్డునే చూస్తూ నడిపాడు.

షెడ్డుకి వచ్చాక వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉండే డొప్ప విప్పించారు. లోపల రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. పెద్దదాన్ని క్రౌన్ అంటారు, దాన్ని తిప్పే చిన్నదాన్ని పినియన్ అంటారు. సుద్దముక్కతో గుర్తు పెట్టి పళ్లు లెక్కపెట్టారు. పెద్దదానికి నలభై ఒకటి, చిన్నదానికి పదకొండు. బండి వెనక మేం తెచ్చిన పాత సామాను పెట్టెలో గోనెపట్టా చుట్టిన ఇంకో జత దొరికింది. దాని పెద్ద చక్రానికీ నలభై ఒకటే. చిన్నదానికి ఎనిమిది.

"ఇది ఎవరు మార్చారండీ?" అన్నారాయన.

ఎవరు మార్చారో నాకు తెలుసు. కింద మైదానంలో క్యాంపులు పెరిగాక బండి నత్తలా నడుస్తోందని డాక్టర్లు గొడవ చేశారు. పాత లారీ నుంచి తీసిన ఫాస్ట్ క్రౌన్ వేస్తే అదే ఇంజనుతో వేగంగా పోతుందని ఒక వర్క్‌షాపు వాళ్లు చెప్పారు. స్టోర్సు వాళ్లు కాగితం పెట్టారు. నేను సంతకం చేశాను. ఇదంతా ప్రమాదానికి నెల ముందు.

సాంబశివరావు గారు స్టూలు మీద కూర్చుని, రెండు చక్రాలూ ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పారు. గేర్ బాక్సుకి రోడ్డు కనిపించదు. దాని తోకలోంచి ఇరుసు దాకా వెళ్లే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోందో అదొక్కటే తెలుస్తుంది. ఆ తోకలో గవర్నర్ అని చిన్న బరువులున్న పరికరం ఉంటుంది. షాఫ్టు జోరందుకుంటే బరువులు విచ్చుకుంటాయి, పై గేరు పడుతుంది. పాత చక్రాలతో బండి చక్రం ఒక చుట్టు తిరగాలంటే షాఫ్టు అయిదు చుట్లు పైన తిరిగేది. కొత్తవాటితో నాలుగు కూడా తిరగదు. బండి యాభై అయిదులో పోతున్నా గవర్నర్ దాన్ని నలభై అనుకుంటుంది. అందుకే కింది గేర్లు వదలదు, వదిలినప్పుడు తన్నుతుంది. మీటరు తీగ కూడా ఆ తోకలోంచే వస్తుంది కనుక అదీ తక్కువే చూపిస్తుంది.

మరి కొండ దిగేటప్పుడు? అని అడిగాను. దిగేటప్పుడు రెండో గేరులో పెడితే ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచాలి కదా, ఈ కొత్త చక్రాలతో ఇదివరకు పట్టినంతలో నాలుగింట మూడు వంతులు కూడా పట్టదన్నారు. మిగిలిందంతా బ్రేకుల మీద పడుతుంది. మీటరు ఇరవై అయిదు చూపిస్తుంటే బండి ముప్పై నాలుగులో దిగుతూ ఉంటుంది.

ముప్పై అయిదుకి తక్కువ లేదన్న బస్సు డ్రైవరు గుర్తొచ్చాడు. ఇద్దరూ నిజమే చెప్పారన్నమాట.

ప్రమాదం సంగతీ, విచారణలో కరీముల్లా అన్నదీ ఆయనకి చెప్పి, అతను న్యూట్రల్ కొట్టలేదని మీరు చెప్పగలరా అని అడిగాను. అది నేను చెప్పలేనండి, చూసినవాణ్ని కాను అన్నారు. మీ డ్రైవరు చెప్పినదంతా మాత్రం ఈ పళ్లతో సరిపోతోందన్నారు. చేతులు గుడ్డతో తుడుచుకున్నారు.

"క్రౌన్ మార్చడం తప్పు కాదండీ. ఇక్కడ మేం రోజూ మారుస్తాం. మార్చాక గవర్నర్ స్ప్రింగులు మార్చాలి, మీటరు పళ్లు మార్చాలి. అంతకన్నా ముందు డ్రైవరుకి చెప్పాలి. చెప్పారా?"

చెప్పలేదు. కరీముల్లా అప్పుడు రంజాన్ సెలవులో ఉన్నాడు. మా దగ్గర నిర్ణయాలు ఫైళ్లలో జరుగుతాయి, డ్రైవర్లకి తాళాలు ఇస్తాం. సెలవు నుంచి వచ్చి రెండు రోజులు దగ్గరి ఊళ్లకి నడిపి, నా గదికి వచ్చి, "మేడమ్ గారూ, బండి మారిందండీ, రెండో గేరు ఇదివరకులా పట్టడం లేదు" అన్నాడు. బండి అదే, నీకే వయసు మీద పడింది అన్నాను. పక్కన క్లర్కులు నవ్వారు. ఆ తర్వాతి వారమే ఘాట్ దిగాడు.

గుణదల

పని మూడు రోజులు పట్టింది. నేను గుణదలలో ఒక గది తీసుకున్నాను. డెల్టా అంతా చదును కనుక ఫాస్ట్ క్రౌన్ అలాగే ఉంచి, మిగతావన్నీ దానికి తగ్గట్టు మారుద్దామన్నారు సాంబశివరావు గారు. మీటరు కోసం చిన్న పళ్ల చక్రం కావాలి. అది ఎక్కడా దొరకదని నేను దిగులుపడుతుంటే పక్క వీధిలో లేతు మిషను మీద పూటలో చేయించి తెచ్చారు. ఆటోనగర్‌లో దొరకదు అనే మాట ఒప్పుకోరు.

సాయంత్రాలు మేరీమాత కొండ వైపు నడిచేదాన్ని. మెట్లెక్కడం నాకు లెక్కలోది కాదనుకున్నాను గానీ చలికాలంలోనూ వదలని ఆ ఉక్కలో సగంలోనే కూలబడ్డాను. అన్ని మతాలవాళ్లూ వస్తున్నారు, బొట్టు పెట్టుకున్నవాళ్లు కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. మంగళగిరి నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుని సీసాలోంచి మజ్జిగ పోసిచ్చింది. కొవ్వొత్తి ధర ఎంత పెరిగిందో చెప్పింది. తన ఆడపడుచుతో ఆరేళ్లుగా మాటలు లేవనీ, తప్పు తనదేననీ, ఆ మాట ఇక్కడికొచ్చి ఏటా చెప్పుకుంటాననీ చెప్పింది. ఆవిడకెందుకు చెప్పరు అని అడిగాను. "అక్కడ చెబితే వినాల్సి వస్తుంది కదండీ" అంది.

ఆవిడ మీద కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో గదికి చేరేదాకా తెలియలేదు. తెలిశాక నాగాయలంక వెళ్లక తప్పదని కూడా తెలిసింది. మర్నాడు ఉదయం కాగితం, పెన్ను కొనుక్కున్నాను.

ఉయ్యూరు, పామర్రు

బాగుచేసిన బండి ఇంకో బండిలా ఉంది. గేర్లు ఎప్పుడు పడుతున్నాయో చెవి పెడితేగానీ తెలియదు. సింహాచలం రాళ్లు లెక్కపెట్టుకుంటూ మీటరు సరిచూసుకుంటున్నాడు. ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ల వెనక చిక్కుకున్నాం. రోడ్డు పక్క బండి ఆపి చెరకు రసం తాగాం, గ్లాసు ఇరవై రూపాయలు, అల్లం దంచి వేశారు. గ్లాసు అతని చేతికిస్తూ, తుని దగ్గర నేనన్న మాట తప్పయ్యా అన్నాను. అతను కంగారుపడి, పర్లేదండి పర్లేదండి అంటూ రసం సగం చొక్కా మీద పోసుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఒక డ్రైవరుతో తప్పు అని చెప్పడం నాకు అదే మొదలు. అంత కష్టమేమీ కాలేదు. అసలు కష్టం ముందుందని తెలుసు.

పామర్రు దగ్గర కుడికి తిరిగి కూచిపూడి, మొవ్వ మీదుగా చల్లపల్లి దారి పట్టాం. వరి కోతలు అయిపోయి మినుము మొలిచింది. మా కొండల్లో ఇంత భూమి ఒకే చోట పచ్చగా కనబడదు. ఒక చెక్ పోస్టు దగ్గర అరటిగెలలు అమ్మే ముసలాయన, కళ్ల బండి అని బోర్డు చదివి, తన కన్ను చూడమని పట్టుబట్టాడు. డాక్టరు లేడని చెప్పినా, రేపు అవనిగడ్డ రమ్మని నా చేత మాట ఇప్పించుకుని గానీ వదల్లేదు.

అవనిగడ్డ

దవాఖానావాళ్లు బండిని చూసి మురిసిపోయారు. తాళాలు, కాగితాలు అప్పగించాను. వాళ్ల కొత్త డ్రైవర్ని పిలిపించి, ఇరుసులో ఏం మారిందో, గేర్ బాక్సులో ఏం మారిందో సింహాచలం చేత మొత్తం చెప్పించాను. ఎప్పుడైనా క్రౌన్ మారిస్తే ఇతనికి చెప్పకుండా మార్చవద్దని అక్కడి డాక్టరు గారితో అన్నాను. ఆయన, దానిదేముందండీ అన్నారు. దానిదే అంతా ఉందన్నాను కొంచెం గట్టిగానే.

తర్వాత ఒక గదిలో కూర్చుని కాగితం రాశాను. ప్రమాదానికి ముందు ఇరుసు చక్రాలు మార్చిన సంగతి డ్రైవరుకి తెలియజేయలేదనీ, అందువల్ల మీటరు తప్పు చూపించిందనీ, గేరు పట్టు తగ్గిందనీ, అతను విచారణలో చెప్పిన ప్రతి మాటా పరీక్షకి నిలిచిందనీ, న్యూట్రల్‌లో దించాడన్న నిర్ణయానికి ఆధారం లేదనీ రాశాను. అరపేజీ. అయిదేళ్ల కిందటి కాగితం కూడా అరపేజీయే.

నాగాయలంక

కరీముల్లా రొయ్యల చెరువుకి కాపలా ఉంటున్నాడని బజార్లో చెప్పారు. బండి మళ్లీ ఎవరూ ఇవ్వలేదట. పాత పని ఎందుకు పోయిందని అడిగితే దాచకుండా చెప్పేవాడట, విన్నాక ఎవరిస్తారు అన్నాడు టీ కొట్టు మనిషి.

చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. కరీముల్లా నన్ను చూసి లేచి నిలబడ్డారు. నడుం వంగింది. భార్య షాహిదా గారు గుమ్మంలో ఉన్నారు, ఆవిడ రమ్మనలేదు. మా ఆసుపత్రిలో ఆయన్ని ఏనాడూ గారు అని పిలవలేదు నేను.

కరీముల్లా గారూ, మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను అన్నాను. నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా. పక్కచూపులు చూడకుండా విన్నారు. అయ్యాక ఆయన అడిగింది పళ్ల లెక్క.

"పదకొండు వేశారా? ఎనిమిది తీసేసి?" అన్నారు. పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నారు. "అంటే ముప్పై నాలుగు. ఆ మలుపులో ముప్పై నాలుగు."

అవునన్నాను. ఆయన కూర్చున్నారు, నన్నూ కుర్చీలో కూర్చోమన్నారు.

"మీరు ముగ్గురూ చదువుకున్నవాళ్లండీ. ముగ్గురూ న్యూట్రలే అన్నారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తర్వాత నాకే అనుమానం పట్టుకుంది, నా చెయ్యే కొట్టిందేమోనని. పార్వతమ్మ కాలు నేనే విరగ్గొట్టానేమోనని. ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా ఆ లీవరు ఎక్కడుందో నాకు కనపడదండీ."

దానికి సిద్ధపడి రాలేదు నేను. తిడతారనుకున్నాను, పొమ్మంటారనుకున్నాను. ఉద్యోగం తీశామని తెలుసు గానీ, తన చేతి మీద తనకున్న నమ్మకం కూడా తీసేశామని తెలియదు. ఏడుపు వచ్చింది. ఆపుకోవడానికి ప్రయత్నించలేదు. ఆయన లోపల్నుంచి నీళ్లు తెప్పించారు.

పార్వతికి చెబుతారా అని అడిగారు. కొండెక్కగానే ముందు ఆమె ఇంటికే వెళతానన్నాను. అలాగే వెళ్లాను కూడా. ఆమె ఏమందో ఆమెది, ఇక్కడ రాయను.

కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివారు. ఒక చోట వేలు ఆగింది. ఇరుసు చక్రాలను యాజమాన్యం మార్పించింది అని రాసిన చోట.

"యాజమాన్యం అంటే ఎవరండీ?" అన్నారు.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగారు. నేను కాగితం తీసుకుని ఆ మాట కొట్టేశాను. పైన నా పేరు రాశాను, సుభద్ర అని. దాని కింద ఇంకో వాక్యం చేర్చాను: బండి మారిందని డ్రైవరు స్వయంగా వచ్చి చెప్పినా నేను వినలేదు.

ఆయన మళ్లీ చదవలేదు. మా ఆవిడకి చదువు రాదు, మీరే చదివి వినిపించండి అన్నారు. షాహిదా గారు గుమ్మం దిగి వచ్చి నిలబడ్డారు. నేను లేచి నిలబడి, నా పేరు దగ్గర ఆగకుండా, చివరిదాకా గట్టిగా చదివాను.

"ఇంకోసారి చదవండి" అన్నారావిడ.

చదివాను.